ఫ్లాట్ అమ్మే ముందు బాత్రూంలు కొత్తగా చేయించాలా, అలాగే వదిలేయాలా? (సీతమ్మధార, పాత అపార్ట్‌మెంట్)

ఉప్పుగాలి_వైజాగ్:

అందరికీ నమస్తే. సీతమ్మధారలో మాకు మూడో ఫ్లోర్‌లో డబుల్ బెడ్‌రూం ఫ్లాట్ ఉంది, 2005లో కట్టిన అపార్ట్‌మెంట్. అమ్మానాన్నల్ని హైదరాబాద్ నా దగ్గరికే తెచ్చేసుకుంటున్నా, ఇక అక్కడ ఎవరూ ఉండరు కాబట్టి అమ్మేద్దామని ఇంట్లో అందరం అనుకున్నాం. హాలూ బెడ్‌రూంలూ బానే ఉన్నాయి, రంగులు వేయిస్తే చాలు. బాధల్లా బాత్రూంలతోనే. రెండిట్లోనూ అప్పటి లేత ఆకుపచ్చ టైల్స్, మధ్యలో పువ్వుల బోర్డరు, సందుల్లో సిమెంటు నల్లబడిపోయింది, బోరు నీళ్ళు కదా కుళాయిలన్నిటికీ తెల్లగా ఉప్పు పేరుకుపోయింది. అటాచ్డ్ బాత్రూం వెనక బెడ్‌రూం గోడకి కింద అడుగున్నర ఎత్తు దాకా నెమ్ము, పెయింట్ పెచ్చులుగా ఊడుతోంది. కింద ఫ్లాట్ ఆంటీగారు కూడా వాళ్ళ బాత్రూం సీలింగ్‌లో మరక వచ్చిందని అమ్మతో అన్నారంట.

ఒక ఇంటీరియర్ అతను వచ్చి చూశాడు. పాత టైల్స్ పగలగొట్టక్కర్లేదు, వాటి మీదే కొత్తవి అతికించేద్దాం, వారంలో అయిపోద్ది అన్నాడు. గాజు పార్టిషన్, వాల్ హంగ్ కమోడ్ (గోడకి వేలాడేది), నల్ల రంగు ఫిట్టింగులు, ఫాల్స్ సీలింగ్ అన్నీ కలిపి రెండు బాత్రూంలకీ మూడున్నర లక్షలు చెప్పాడు. గోడ నెమ్ముకి పుట్టీ పెట్టి డ్యాంప్ ప్రూఫ్ పెయింట్ కొట్టేస్తే ఇక కనపడదు అంటున్నాడు. ఆషాఢం లోపు పని తెమిలితే శ్రావణంలో పార్టీలకి చూపించొచ్చని నాన్న ఆలోచన.

ఈ డబ్బు అమ్మకం ధరలో తిరిగొస్తుందా? టైల్ మీద టైల్ వేయించొచ్చా? ఇలా అమ్మే ముందు పని చేయించినవాళ్ళు, లేదా పాత ఫ్లాట్ కొన్నవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

తాపీపని_గాజువాక:

బాబూ, ముందు ఆ మూడున్నర లక్షల ఎస్టిమేట్ పక్కన పెట్టండి. మీరు రాసినదాంట్లో అసలు సంగతి ఆ అడుగున్నర నెమ్మూ, కింద వాళ్ళ సీలింగ్ మరకా. మిగతావన్నీ దాని తర్వాతే. నేను ఈ ఊళ్ళో చాలా ఏళ్ళుగా ఇవే పనులు చేయిస్తున్నాను కాబట్టి చెప్తున్నా, నీళ్ళు ఎక్కడ నుంచి పోతున్నాయో తేల్చుకోకుండా పైన ఏం అతికించినా ఆర్నెల్లు ఆగదు.

అప్పట్లో కట్టిన అపార్ట్‌మెంట్లలో బాత్రూం కింద స్లాబ్‌ని అడుగు దాకా కిందకి దించి పోసేవారు, పైపులు పోవడానికి. దాన్నే సంకెన్ స్లాబ్ అంటాం. ఆ గుంతలో ఇటుక ముక్కలూ రబ్బిషూ నింపి పైన టైల్స్ వేసేస్తారు. టైల్ సందుల్లోంచో, నహానీ ట్రాప్ (ఫ్లోర్ మీద నీళ్ళు బయటికి పోయే జాలీ కన్నం) చుట్టూ ఉన్న పగుల్లోంచో కొంచెం కొంచెంగా దిగిన నీరు ఆ గుంతలో నిలిచిపోతుంది, అదొక తొట్టి అయిపోతుంది. ఇటుకా ప్లాస్టరూ ఆ నీటిని పైకి పీల్చుకుంటాయి, అందుకే మీ గోడకి కింద భాగంలోనే అంత ఎత్తు నెమ్ము కనిపిస్తోంది. ఇప్పుడు దాని మీద పుట్టీ పెట్టి పెయింట్ కొడితే లోపల తడి ఎక్కడికి పోతుంది చెప్పండి? పక్క నుంచో పై నుంచో బుడగలై బయటికొస్తుంది. మొదటి వానాకాలానికే తెలిసిపోద్ది.

లీకేజీ ఎక్కడుందో పట్టుకోవడానికి పెద్ద ఖర్చేం లేదు. నహానీ ట్రాప్‌ని పాలిథిన్ చుట్టిన గుడ్డతో గట్టిగా బిగించి మూసేయండి, గడప దాటకుండా ఫ్లోర్ మీద అంగుళం రెండంగుళాలు నీళ్ళు నిలబెట్టండి, గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టండి, ఒక రోజంతా బాత్రూం వాడొద్దు. నీళ్ళు గీత కన్నా బాగా దిగినా, కింద వాళ్ళ మరక పెద్దదైనా ఫ్లోరే లీకు. దిగకపోతే ప్లంబర్‌ని పిలిపించి కుళాయి లైనుకి పంపుతో ప్రెషర్ పెట్టించి గేజులో ముల్లు పడిపోతుందేమో చూడండి. మీ కాలం ఫ్లాట్లలో గోడ లోపల ఇనప జీఐ పైపులు ఉన్నవే ఎక్కువ, వైజాగ్ ఉప్పుగాలికీ బోరు నీళ్ళకీ అవి లోపల్నుంచి తినేసి ఉంటాయి. జీఐ అయితే గోడ తెరిచినప్పుడే సీపీవీసీ ప్లాస్టిక్ పైపులకి మార్చేయండి, కొత్త టైల్ వేశాక పైపు కారితే రెండో సారి పగలగొట్టాలి. మరక ఎప్పుడూ ఒకేలా తడిగా ఉంటే నీళ్ళొచ్చే లైను, స్నానాలు చేశాకే పెరుగుతుంటే ఫ్లోరో డ్రైన్ లైనో, వానలప్పుడే వస్తుంటే బయట గోడ. ఇది అమ్మగారిని అడిగినా సగం తేలిపోతుంది.

టైల్ మీద టైల్ సంగతి. కొత్త టైల్ మందం, కింద గమ్ము కలిపి ఫ్లోర్ అర అంగుళం పైగా లేస్తుంది. అప్పుడు గడప ఎత్తు తగ్గిపోయి నీళ్ళు బెడ్‌రూంలోకి వస్తాయి, తలుపు కింద కోయాలి, ట్రాప్ జాలీ గుంతలోకి పోయి చుట్టూ మురికి చేరుతుంది. పైగా పాత టైల్ కింద బోలుగా ఉంటే దాంతో పాటే కొత్తదీ ఊడుతుంది. గోడలకైతే, పాత టైల్ గట్టిగా ఉండి ఎక్కడా బోలు శబ్దం రాకపోతే అతికించొచ్చు, అది తప్పని నేను అనను. ఫ్లోర్‌కి మాత్రం వద్దు, అందులోనూ నెమ్ము ఉన్న బాత్రూంకి అస్సలు వద్దు.

కొత్తిల్లు_పీఎంపాలెం:

మేం పోయినేడాది పీఎం పాలెంలో పాత ఫ్లాట్ కొనుక్కున్నాం, కొనేవాళ్ళ వైపు నుంచి చెప్తాను. చూసిన ఇళ్ళలో ఒకచోట బాత్రూం నిజంగా స్టార్ హోటల్లో లాగ ఉంది, గాజు తలుపు, పైన గుండ్రటి పెద్ద షవరు, అద్దం చుట్టూ లైట్లు. మా మామయ్యగారు ఏం మాట్లాడకుండా అక్కడున్న బకెట్ నిండా నీళ్ళు పట్టి, ట్రాప్‌కి ఎదురు మూలలో పోసేసి నిలబడ్డారు. ఆ నీళ్ళు ట్రాప్ దాకా రాలేదు, కమోడ్ వెనక ఆగిపోయాయి, కొన్ని గడప వైపు వచ్చాయి. తర్వాత ఆయన మెట్లు దిగి కింద ఫ్లాట్ బెల్ కొట్టి, అమ్మా మీకు పైనుంచి లీకేజీ ఏమైనా ఉందా అని అడిగారు. ఆవిడ మొత్తం చెప్పేశారు. అంతే, ఆ ఇల్లు వదిలేశాం.

ఇంకో మాట. గది మొత్తం పాత రంగు ఉండి బాత్రూం ఆనుకున్న గోడ ఒక్కటే కొత్త పెయింట్ వాసన కొడితే ఎవరికైనా అనుమానం వస్తుంది. మీ ఇంటీరియర్ అతను చెప్పిన పుట్టీ ఐడియా సరిగ్గా అలాంటిదే. మేం చివరికి కొన్న ఇంట్లో టైల్స్ 2000 కాలం నాటివే, కానీ ఓనర్‌గారు ఫ్లోర్ తీయించి వాటర్‌ప్రూఫింగ్ చేయించినప్పటి ఫోటోలూ బిల్లులూ ఫోన్‌లో చూపించారు, వాసన లేదు, నీళ్ళు పోస్తే చక్కగా వెళ్ళిపోతున్నాయి. ధర దగ్గర మేం ఎక్కువ బేరం ఆడలేదు.

సైట్_విజిట్:

రియల్ ఎస్టేట్‌లో ఉన్నాను, ద్వారకానగర్, సీతమ్మధార, అక్కయ్యపాలెం ఏరియాల్లో రీసేల్ ఫ్లాట్లు ఎక్కువ చూపిస్తుంటాను. డబ్బు తిరిగొస్తుందా అని అడిగారు కదా, సూటిగా చెప్తే మూడున్నర లక్షలు పెట్టారని పార్టీ మూడున్నర ఎక్కువ ఇవ్వదు. మీ పాత ఫ్లాట్ ధర తేలేది స్థలంలో మీ వాటా ఎన్ని గజాలు, కారు పార్కింగ్ ఉందా, లిఫ్ట్ ఎలా ఉంది, ఏ ముఖం, వీటి మీద. బ్యాంక్ నుంచి వాల్యూయేషన్‌కి వచ్చే ఇంజినీర్ మీ టైల్స్ బ్రాండ్ చూసి విలువ పెంచడు. కానీ బాత్రూం పాడుగా ఉంటే మాత్రం పార్టీ దాన్ని పట్టుకుని ఖర్చయ్యేదానికి రెండు మూడింతలు తగ్గించమంటారు, లేదా మళ్ళీ రారు. అంటే మీరు పెట్టే డబ్బు బేరంలో పోగొట్టుకోకుండా ఉండటానికి, లాభం కోసం కాదు. ఆ లెక్కన అవసరమైనంతే పెట్టండి.

గాజు పార్టిషన్ నేనైతే వద్దంటాను. మన దగ్గర కొనేవాళ్ళలో పెద్దవాళ్ళున్న కుటుంబాలే ఎక్కువ, వాళ్ళకి బకెట్, మగ్గు, కూర్చోడానికి స్టూలు పెట్టుకునే చోటు కావాలి. అయిదడుగుల వెడల్పు బాత్రూంలో గాజు అడ్డం పెడితే ఆ చోటు పోతుంది. బోరు నీళ్ళకి గాజు మీద రెండు వారాల్లో తెల్లమచ్చలు. నల్ల ఫిట్టింగులదీ అదే కథ, ఉప్పు మరక నల్లదాని మీదే ముందు కనబడుతుంది. కమోడ్ చోటు కూడా ఊరికే మార్చకండి. చాలామంది వాస్తు పంతులుగారిని వెంటబెట్టుకుని వస్తారు, ఇప్పుడున్న చోటు ఇబ్బంది లేనిదైతే దాన్ని తెచ్చి ఈశాన్యం మూలకి జరిపితే కోరి తలనొప్పి తెచ్చుకున్నట్టే.

ఉప్పుగాలి_వైజాగ్:

అందరికీ చాలా థాంక్సండి. అమ్మని అడిగాను, స్నానాలు అయ్యాక మధ్యాహ్నానికి కింద ఆంటీ వాళ్ళ మరక తడిగా అవుతుందంట, రెండు రోజులు ఊరెళ్తే ఆరిపోతుందంట. అంటే తాపీపని గారు చెప్పినట్టు ఫ్లోర్ లేదా డ్రైన్ లైనే అనుకుంటున్నా. సరే, అటాచ్డ్ బాత్రూం ఫ్లోర్ పగలగొట్టిస్తాం. కామన్ బాత్రూంకి నెమ్ము లేదు, దాన్ని కూడా తీయాలా? నేను హైదరాబాద్‌లో ఉంటాను, రోజూ వచ్చి చూసుకోలేను, ఏ దశలో తప్పకుండా అక్కడ ఉండాలో చెప్పండి. గీజర్ వైరింగ్ కూడా పాతదే, దాన్ని ముట్టుకోవాలా?

తాపీపని_గాజువాక:

కామన్ బాత్రూంకి నీళ్ళు నిలబెట్టి చూడండి, దిగకపోతే పగలగొట్టొద్దు. సందుల్లో నల్లబడ్డ సిమెంటు గీకించి ఎపాక్సీ గ్రౌట్ పెట్టించండి, మురికి పట్టదు, నీళ్ళు పీల్చదు. కుళాయిలు, కమోడ్ సీటు, హెల్త్ ఫాసెట్ మార్చండి, చాలు. యాసిడ్ పోసి కడిగించొద్దు. తెల్లగా వస్తుంది నిజమే కానీ సందుల్లో సిమెంటుని అది తినేస్తుంది, ఇప్పుడు లేని లీకు అప్పుడు మొదలవుతుంది.

అటాచ్డ్ దానికి మీరు తప్పకుండా ఉండాల్సింది వాటర్‌ప్రూఫింగ్ కోటింగ్ అయ్యాక, టైల్స్ పరచక ముందు. పాత రబ్బిష్ అంతా స్లాబ్ దాకా తీసేయించాలి, సగం తీసి ఆపేస్తారు, ఒప్పుకోవద్దు. స్లాబ్ ఆరాక, మూలలూ పైపు చుట్టూ గుండ్రంగా మెత్తించి, పొడీ ద్రవం కలిపే రెండు భాగాల కోటింగ్ రెండు సార్లు, రెండో పూత మొదటిదానికి అడ్డంగా. గోడల మీదికి అడుగెత్తు, స్నానం చేసే వైపు షవర్ ఎత్తు దాకా ఎక్కించాలి. అది ఆరాక ట్రాప్ మూసి రెండు రోజులు నీళ్ళు నిలబెట్టాలి, అప్పుడు మీరు స్వయంగా కింద ఆంటీగారి ఇంట్లోకెళ్ళి సీలింగ్‌ని చేత్తో తడిమి చూడండి. టైల్స్ అయ్యాక నీళ్ళు పోసి చూపిస్తాం సార్ అంటారు, అప్పుడు చూసి లాభం లేదు. ఆ రెండు రోజులూ ఫోటోలు తీసి పెట్టుకోండి, పైన కొత్తిల్లు గారు చెప్పినట్టు కొనేవాళ్ళకి అవే చూపించాలి.

తర్వాత వాటం, అంటే ఫ్లోర్ వాలు. అడుగుకి పావంగుళంలో సగం చొప్పున ట్రాప్ వైపు దిగాలి, ఆరడుగుల బాత్రూం అయితే ముప్పావు అంగుళం. ఇక్కడే అందరూ చేసే పొరపాటు ఒకటుంది, హాల్లో వేసిన రెండడుగుల టైలే బాత్రూం ఫ్లోర్‌కీ కావాలంటారు. ట్రాప్ మూలలో ఉంటే అంత పెద్ద టైల్‌ని అన్ని వైపుల నుంచి వాలుగా పరచడం కుదరదు, ఎక్కడో ఒకచోట నీళ్ళు ఆగుతాయి. అడుగు బై అడుగు, మ్యాట్ ఫినిష్, లేత బూడిద రంగో గంధం రంగో తీసుకోండి, జారదు, అందరికీ నచ్చుతుంది. గోడలకి పెద్దవి వేసుకోండి, తప్పు లేదు.

కమోడ్ కొనేముందు పాతదాని అవుట్‌లెట్ ఫ్లోర్‌లోకి పోతుందా గోడలోకా చూడండి. ఫ్లోర్‌లోకైతే గోడ నుంచి ఆ కన్నం మధ్యకి ఎన్ని అంగుళాలో కొలవండి, తొమ్మిదికీ పన్నెండుకీ వేరు వేరు మోడళ్ళు వస్తాయి. కొలవకుండా షాపులో నచ్చింది తెచ్చేసి పైపుకి వంపులు పెట్టి అతికిస్తే అక్కడ జామ్ అవుతూనే ఉంటుంది. వాల్ హంగ్ మీకొద్దు, నాలుగున్నర అంగుళాల గోడ మీద ఇనప ఫ్రేము లేకుండా బిగించకూడదు.

బెడ్‌రూం గోడ సంగతి ఆఖరిది. నెమ్ము పట్టిన ప్లాస్టర్ ఇటుక కనబడేదాకా చెక్కించేసి, కొన్ని వారాలు అలాగే వదిలేయండి, ఫ్యాన్ వేసి ఉంచండి. చూడ్డానికి బాగోదు, మీ నాన్నగారు కంగారుపడతారు, అయినా వదిలేయండి. తడి ఆరకుండా ప్లాస్టర్ చేస్తే పని మొత్తం మళ్ళీ మొదటికే. ఈ లెక్కలో చూస్తే ఆషాఢం దాకా ఆగొద్దు, ఎండలుండగానే మొదలుపెట్టండి, మే నెల ఎండకి ఆరినంత బాగా ఇంకెప్పుడూ ఆరదు.

లైన్‌మేన్_కబుర్లు:

కరెంటు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి. గోడ తెరిచిన రోజే వైరింగ్ కూడా చూపించుకోండి. రెండు కిలోవాట్ల గీజర్‌ దాదాపు తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది, మూడు కిలోవాట్లది పదమూడు. మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గులో అడాప్టర్ పెట్టి నడిపే ఇళ్ళు చాలా చూశాను, ప్లగ్గు కాలి గోధుమ రంగులోకి మారి ఉంటుంది. 16 ఆంపియర్ల పాయింటు, దానికి వేరే లైను, స్విచ్ బాత్రూం బయట. మెయిన్ బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) లేకపోతే పెట్టించండి, తడి చేత్తో ముట్టుకున్నప్పుడు ప్రాణం కాపాడేది అదే. ఎర్త్ పనిచేస్తోందో లేదో టెస్ట్ చేయించండి, పాత అపార్ట్‌మెంట్లలో వైరు ఉంటుంది కానీ కింద గొయ్యిలో ఎప్పుడో తుప్పు పట్టి తెగిపోయి ఉంటుంది. ఫాల్స్ సీలింగ్ పైన గీజర్ దాచొద్దు, కారితే తెలీదు.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ డక్ట్‌లోకి (అన్ని ఫ్లోర్ల పైపులూ దిగే సందులోకి) ఉంటే దాని వెనక పావురాలు గూడు పెట్టి ఉంటాయి, రెక్కలు తిరగవు. నెట్ కొట్టించండి. మన ఊరి ఉక్కకి గాలి బయటికి పోకపోతే కొత్త సీలింగ్ మీద కూడా బూజు వచ్చేస్తుంది.

టవల్ రాడ్లు, హ్యాంగర్లు స్టీలువి కొంటే 304 గ్రేడ్ అని అడిగి తీసుకోండి, స్క్రూలు కూడా అదే. రాడ్ మంచిది కొని స్క్రూ మామూలుది వేస్తే కొత్త టైల్ మీద తుప్పు చార కారుతుంది, పార్టీ కంటికి ముందు అదే పడుతుంది.

దస్తావేజు:

నెమ్ము దాచి అమ్మాలనే ఆలోచన పూర్తిగా మానేయండి. ఇది మర్యాద విషయమే కాదు, చట్టం కూడా. 1882 ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్‌లో ఉంది, అమ్మేవాడికి తెలిసి, కొనేవాడు మామూలు జాగ్రత్తతో చూసినా కనిపెట్టలేని ముఖ్యమైన లోపం ఏదైనా ఉంటే అమ్మేవాడే చెప్పాలి. పుట్టీ కింద దాచిన లీకేజీ అలాంటిదే అని వాళ్ళు రేపు నోటీసు పంపితే, కింద ఫ్లాట్ ఆవిడే సాక్ష్యం అవుతారు.

బిల్లులు జాగ్రత్తగా ఉంచండి. పైపులు, వాటర్‌ప్రూఫింగ్, ఫ్లోర్ మొత్తం మార్చడం లాంటివి ఇంటికి చేసిన మెరుగుదల ఖర్చు కింద క్యాపిటల్ గెయిన్స్‌లో (ఇల్లు అమ్మగా వచ్చిన లాభం మీద పన్ను లెక్కలో) తగ్గించుకోడానికి వీలుంటుంది, పెయింటు లాంటి మామూలు రిపేరుకి ఉండదు. 2024 జులై 23కి ముందు కొన్న ఇల్లు కదా మీది, ఇండెక్సేషన్‌తో (కొన్న ధరని ద్రవ్యోల్బణం ప్రకారం పెంచి లెక్కేసి) 20 శాతమా, లేకుండా 12.5 శాతమా ఏది తక్కువైతే అది కట్టొచ్చు, మీ ఆడిటర్‌తో రెండు లెక్కలూ వేయించండి. కాబట్టి మేస్త్రికి క్యాష్ ఇచ్చేసి ఊరుకోకుండా బ్యాంక్ ద్వారా ఇచ్చి కాగితం తీసుకోండి.

ఆంధ్రా_అల్లుడు:

నాది కొంచెం వేరే అభిప్రాయం. ఇంత దూరం నుంచి పని చేయించడం మామూలు విషయం కాదు, మధ్యలో మేస్త్రి మానేస్తే పగలగొట్టిన బాత్రూంతో ఇల్లు నెలల తరబడి అలా ఉండిపోతుంది. లీకు ఉందని ఓపెన్‌గా చెప్పి, ఎస్టిమేట్ కాగితం చూపించి అంత తగ్గించి అమ్మేయొచ్చు కదా? కొనేవాళ్ళు వాళ్ళకి నచ్చిన టైల్స్ వేసుకుంటారు. మా చుట్టాలు గోపాలపట్నంలో అలాగే అమ్మారు, ఏ గొడవా లేదు.

సైట్_విజిట్:

అదీ ఒక దారే, కాదనను. లోపలంతా తీసేసి మళ్ళీ కొత్తగా చేయించుకునేవాళ్ళో, పెట్టుబడి కోసం కొనేవాళ్ళో అయితే పర్లేదు. కానీ లోన్ మీద కొని గృహప్రవేశం చేసి వెంటనే దిగిపోదామనుకునే కుటుంబాలు అలాంటి ఇంటిని లోపలికొచ్చి చూడగానే వద్దనుకుంటారు, వాళ్ళే మీకు మంచి ధర ఇచ్చేవాళ్ళు. పైగా ఇక్కడ కింద వాళ్ళ సీలింగ్ పాడవుతోంది, అది అమ్మినా అమ్మకపోయినా బాగుచేయాల్సిందే కదండీ.

ఇల్లు ఖాళీ అయ్యాక ఒకటి మాత్రం మర్చిపోవద్దు. వాడకపోతే ట్రాప్‌లో ఉండే రెండంగుళాల నీరు ఆవిరైపోతుంది, అప్పుడు డ్రైనేజీ వాసనా బొద్దింకలూ నేరుగా పైకి వస్తాయి. పార్టీని తీసుకెళ్ళి తలుపు తీయగానే ఆ వాసన కొట్టిందంటే మీరు లక్షలు పెట్టి చేయించిందంతా వాళ్ళ కళ్ళకి కనబడదు. వాచ్‌మేన్‌కి తాళం ఇచ్చి నాలుగైదు రోజులకోసారి ప్రతి ట్రాప్‌లో, కమోడ్‌లో, వాష్ బేసిన్‌లో మగ్గుడు నీళ్ళు పోయమనండి.

ఉప్పుగాలి_వైజాగ్:

ఆంధ్రా అల్లుడు గారూ, మీరన్నది నాన్నతో కూడా మాట్లాడాను, కానీ కింద ఆంటీగారు మాకు ఇన్నేళ్ళ పరిచయం, ఆ మరక అలా వదిలేసి వెళ్ళిపోవడం అమ్మకి ఇష్టం లేదు. అటాచ్డ్ బాత్రూం ఫ్లోర్ తీయించి చేయిస్తాం, కామన్ దానికి గ్రౌటూ కుళాయిలే. గాజు, వాల్ హంగ్, ఫాల్స్ సీలింగ్ అన్నీ మానేశాం. తాపీపని గారూ, చివరగా ఒకటి, స్లాబ్ తెరిచాక మా ట్రాప్‌ది కాకుండా స్లాబ్ కింద, అంటే ఆంటీ వాళ్ళ సీలింగ్ వైపు వేలాడే పైపు కారుతోందని తేలితే ఆ ఖర్చు ఎవరిది?

తాపీపని_గాజువాక:

మీ బాత్రూం నీళ్ళు మాత్రమే పోయే పైపు అయితే అది ఎక్కడ వేలాడుతున్నా మీదే. డక్ట్‌లో నిలువుగా దిగే, అన్ని ఫ్లోర్లూ కలిసే పెద్ద పైపు అయితే మామూలుగా అసోసియేషన్ చేయిస్తుంది. పగలగొట్టడానికి ముందే సెక్రటరీగారిని పిలిచి డక్ట్ తలుపు తీయించి, టార్చి వేసి ఇద్దరూ కలిసి చూడండి, ఫోటో తీసి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టండి. రబ్బిష్ మూటలు ఎక్కడ దించాలో, డ్రిల్లింగ్ ఏ టైంలో చేయొచ్చో కూడా ఆయన్ని అప్పుడే అడిగేయండి, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఆపమంటారు చాలా చోట్ల. ఆంటీగారి సీలింగ్‌కి చెక్కి ప్లాస్టర్ చేసే పని కూడా ఇదే మేస్త్రికి ఇదే ఎస్టిమేట్‌లో రాయించండి, విడిగా పిలిస్తే ఆ చిన్న పనికి ఎవరూ రారు.